గుండీల రాళ్ళు

మేడ మీది వాటా,
జూన్ 3

మరదలు పిల్లా,

క్షేమ సమాచారాలు తర్వాత. ముందు మీ అన్నయ్య చేసిన ఘనకార్యం విను.

మా ముందు గదిలో ఇప్పుడు సముద్రం ఉంది. నవ్వకు, నిజమే చెబుతున్నాను. ఎవరో బట్టల షాపు మూసేసి అద్దాలు తూకానికి అమ్మేస్తుంటే ఆయన పలకలు మోసుకొచ్చి, కోసి, అంచులు అరగదీసి, సిలికాన్ జిగురుతో అతికించి నాలుగడుగుల తొట్టి కట్టారు. దాని కింద బల్ల ఏమిటనుకున్నావు? పాత లిఫ్టు తాలూకు ఇనుప చట్రం. లిఫ్టులు బాగుచేసే మనిషిని చేసుకుంటే ఇంట్లోకి ఏమేం వస్తాయో నాకు పెళ్ళికి ముందే ఎవరైనా చెప్పి ఉండాల్సింది. బల్ల కింద ప్లాస్టిక్ డ్రమ్ము, డ్రమ్ములో పంపు, పైకి ఒక గొట్టం, కిందికి ఒక గొట్టం. ఉప్పు పొట్లాలు తెచ్చి నీళ్ళలో కలిపి, గాజు కొలబద్ద ముంచి, కళ్ళు చికిలించి చూస్తారు. మామూలు చేపల కోసం కాదట ఇదంతా. పగడాలు పెంచుతారట. బతికున్న పగడాలు! డబ్బున్నవాళ్ళు షాపులో కొనే సరంజామా అంతా ఆయన చేత్తోనే తయారుచేస్తారట.

నా భయాలు రాస్తాను, ఓపిగ్గా చదువు. ఆ తొట్టి బరువు, నీళ్ళూ రాళ్ళూ కలిపి, అయిదుగురు మనుషులంత. దాని కింద నేల. ఆ నేల కింద మన ఇంటాయన జిరాక్స్ షాపు. సరిగ్గా తొట్టి కిందే ఆయన కుర్చీ. మెట్లు దిగుతూ ఆయన బట్టతల కనిపించినప్పుడల్లా షాపు కప్పుకేసి ఒకసారి చూసుకుంటున్నాను. రెండోది, ఉప్పునీళ్ళూ కరెంటూ ఒకే చోట. మూడోది, ఆ జిగురు. నేను కుట్టుపని చేసేదాన్ని. కుట్టు ఎప్పుడు విడిపోయినా మూల దగ్గరే విడిపోతుందని నాకు తెలుసు. తొట్టికి ఎనిమిది మూలలున్నాయి.

ఇవన్నీ చెబితే ఆయన ఏమంటారో తెలుసా? "మా ఇంట్లో రెండు మిషన్లున్నాయండీ, ఒకటి కుడుతుంది, ఒకటి భయపడుతుంది" అని వచ్చిన వాళ్ళందరికీ చెబుతున్నారు. చిట్టి కూడా నేర్చుకుంది. ఆరేళ్ళ పిల్ల నన్ను భయాల మిషను అంటోంది.

నువ్వొక ఉత్తరం రాసి ఆయన్ని మందలించు. నీ మాటైతే వింటారు.

నీ వదిన


దీవి, వాతావరణ కేంద్రం,
జూన్ 12

వదినా,

నీ ఉత్తరం లాంచీలో వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి అదే మా వినోదం. ఇక్కడ మేం నలుగురం. గాలీ వానా కొలిచేవాళ్ళం ఇద్దరం, రేడియో ఆపరేటరు, సముద్రంలో తేలే గుర్తు పీపాలకి మరమ్మతు చేసే గజఈతగాడు. ఈయన నీళ్ళలో ఉండే సేపు చూస్తే మెడ కింద మొప్పలున్నాయేమో అనిపిస్తుంది. అందుకని మొప్పలాయన అంటాం. టీ తాగుతూ నీ ఉత్తరం పైకి చదివాను. ఇంటాయన బట్టతల దగ్గర మొప్పలాయనకి పొలమారింది.

మందలించమన్నావు. అన్నయ్యని మందలించే వయసు నాకు ఇంకా రాలేదు. కానీ రెండు మాటలు చెప్పు. తొట్టిని గది మధ్యలోంచి గోడ వారకి, దూలం మీదికి జరపమను. పంపు వైరు స్విచ్చు పెట్టె కంటే కిందికి వేలాడి మళ్ళీ పైకి వెళ్ళాలి. అప్పుడు వైరు వెంట జారిన నీటిచుక్క ఆ వంపు దగ్గరే కింద పడుతుంది, స్విచ్చులోకి పోదు. వాడు ఈ పాటికి చేసే ఉంటాడు.

అమ్మ ఉండి ఉంటే ఏం చేసేదో తెలుసుగా? ఆ సముద్రాన్ని ఎత్తి పొయ్యి మీద పెట్టేది. తాగే నీళ్ళా, మరగనీ. పాల సీసానా, మరగనీ. మసిగుడ్డా, దువ్వెనా, నా పలకకి కట్టిన తాడూ, మరగనీ, అంతా పోతుంది. మా చిన్నప్పుడు అన్నయ్య లెక్కల్లో తప్పితే ప్రోగ్రెస్ కార్డు తీసుకెళ్ళి అమ్మకిచ్చి "మరగనీ" అన్నాడు. అమ్మకి కోపం కూడా రాలేదు, పడీపడీ నవ్వింది.

లాంచీ రెండు వారాలకోసారి గురువారం వస్తుంది. ఫోను లేదు. రేడియో ఉంది గానీ గాలి లెక్కలకే. కాబట్టి నీ భయాలు ఉత్తరాల్లోనే రాస్తూ ఉండు. మా రేడియోలో ఇంత మంచి కార్యక్రమం రాదు.

నీ మరదలు


మేడ మీది వాటా,
జూలై 18

మరదలు పిల్లా,

నవ్వుకున్నారుగా అందరూ? సరే, మీ పుణ్యమా అని తొట్టి దూలం మీదికి జరిగింది. వైరు నువ్వు చెప్పినట్టే వంపు తిరిగి ఉంది. రోజూ పొద్దున్న ఆ వంపు చూసుకున్నాకే మిషను దగ్గర కూర్చుంటున్నాను.

నీళ్ళు పండటానికి నెల పట్టింది. పండటమంటే ఏమిటో నీకు తెలుసో లేదో. కొత్త నీళ్ళలో చేపని వదిలితే దాని మురికికి అదే చచ్చిపోతుందట. ఆ మురికిని తినే కంటికి కనపడని పురుగులు ముందు పెరగాలట. నెల రోజులు ఖాళీ తొట్టికి కాపలా కాశాం. ఆయన గాజు గొట్టంలో నీళ్ళు పోసి చుక్కలు వేసి రంగు చూడటం, ఇంకా పచ్చగా ఉందని నిట్టూర్చటం. వచ్చినవాళ్ళు చేపలేవండీ అంటే "పండలేదు" అనేవారు. మామిడికాయలనుకుని వెళ్ళిపోయేవాళ్ళు.

ఇప్పుడు రెండు నారింజరంగు చేపలున్నాయి. నాకు ఇష్టమని ఒప్పుకుంటే ఆయనకి అలుసైపోతానని చెప్పలేదు గానీ, మధ్యాహ్నం కుట్టుపని ఆపి వాటిని చూస్తూ కూర్చుంటున్నాను. ఆయన స్నేహితుడొకాయన తన తొట్టిలోంచి వేలెడంత గులాబీ పగడం తుంచి ఇచ్చాడు. నీలం ట్యూబులైటు కింద పెట్టారు. నిజంగానే పెరిగింది.

ఇప్పుడు అసలు సంగతి. ఏదో హోటల్లో ఇలాంటి తొట్టే తీసేస్తుంటే ఆయన లిఫ్టు బాగుచేయడానికి వెళ్ళి ఊరికే రెండు బకెట్ల రాళ్ళు తెచ్చారు. కొనాలంటే మన వల్ల కాని రాళ్ళు. వాటి మీద గోధుమరంగు గుండీలున్నాయి. నిజం గుండీలు కావు, ప్రాణమున్నవి. చొక్కా గుండీ అంత వెడల్పు, మధ్యలో పచ్చగా, అంచుకి సన్నటి వెంట్రుకలు. తాకితే ముడుచుకుంటాయి. నేనే ఆ పేరు పెట్టాను, ఇప్పుడు ముగ్గురం గుండీలనే అంటున్నాం.

వారంలో అవి రాయి దాటి రాయి పాకాయి. గులాబీ పగడం సగం తెల్లబడింది. వాటిని చూస్తే నాకు ఒళ్ళు జలదరిస్తోంది. మొన్న చిట్టి ఒకదాన్ని నొక్కబోతే చెయ్యి లాగేశాను, దాని చేతి గాజు కూడా పగిలింది. "గుండీ కరుస్తుందా?" అని ఆయన ఒకటే నవ్వు. రాళ్ళు కావాలట, గుండీలు పోవాలట. ఏం చెయ్యాలో సముద్రం మధ్యలో ఉన్న నిన్ను అడగమన్నారు.

నీ వదిన


దీవి,
జూలై 24

వదినా,

లాంచీ వాడు కూత మీద కూత వేస్తున్నాడు, నాలుగు ముక్కల్లో ముగిస్తాను. అమ్మ మందు ఉండగా దిగులెందుకు? గుండీలున్న రాళ్ళన్నీ బయటికి తీసి పెద్ద గిన్నెలో వేసి మరగనీ. రాయి రాయిలా ఉంటుంది, మిగతాదంతా పోతుంది. మొప్పలాయన సెలవు నుంచి ఇప్పుడే దిగాడు. మూటాముల్లే మోసుకుంటున్నాడు గనక అడగలేదు. అడగాల్సినంత సంగతీ కాదులే.

గుండీలకి భయపడే దర్జీని నిన్నే చూశాను.

నీ మరదలు


దీవి,
జూలై 25, శుక్రవారం

వదినా,

వద్దు. రాళ్ళు పొయ్యి మీద పెట్టొద్దు. నేను నిన్న రాసింది తప్పు.

ఈ కాగితం నీకెప్పుడు చేరుతుందో తెలియదు. లాంచీ నిన్ననే వెళ్ళిపోయింది. అయినా రాయకుండా ఉండలేను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర నీ గుండీల కబురు నవ్వుతూ చెప్పాను. మొప్పలాయన ముద్ద నోటిదాకా తెచ్చి ఆపాడు. అంచుకి వెంట్రుకలున్నాయా అని అడిగాడు. ఉన్నాయన్నాను. ఏం చెయ్యమన్నావు అని అడిగాడు. చెప్పాను. ఆ మనిషి మొహం అలా అవ్వటం నేనెప్పుడూ చూడలేదు.

ఆ గుండీల్లో విషం ఉంటుందట. అన్నిట్లో ఉండదు, కానీ ఉన్నది ఏదో లేనిది ఏదో చూసి చెప్పలేమట. అది వేడికి చావదట వదినా. ఆవిరితో పాటు లేచి ఊపిరిలోకి పోతుందట. వాసన ఉండదు, పొగ ఉండదు. ఆయనతో పనిచేసిన ఇంకో గజఈతగాడు ఇలాగే ఇంట్లో రాళ్ళు మరగబెట్టాడట. ఇంట్లో ముగ్గురు మనుషులు, ఒక కుక్క. కుక్క చచ్చిపోయిందని చెప్పాడు. మనుషుల సంగతి అడిగితే కంచం తీసుకుని లేచి వెళ్ళాడు.

జూలై 26

నా ఉత్తరం ఈ రోజు నీకు అందే రోజు. పొద్దుటి నుంచి రేడియో గదిలోనే ఉన్నాను. సొంత కబుర్లు చెప్పకూడదని నియమం. ఆపరేటరు కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను, ఒప్పుకున్నాడు. కానీ వాయుగుండం మీదికొస్తోంది, గరగర తప్ప ఏమీ పలకటం లేదు. రేపు ఆదివారం, అన్నయ్యకి సెలవు.

జూలై 27, ఆదివారం

పొద్దున్న తొమ్మిదికి రేవు ఆఫీసు పలికింది. ఒక్క వాక్యం చెప్పుకో అన్నాడు ఆపరేటరు. ఏ మాట వాడాలో తోచలేదు. మన ఇంట్లో ఆ మాటకి వద్దు అనే రూపం లేదు వదినా. అమ్మ జన్మలో ఎవర్నీ మరగబెట్టొద్దని అనలేదు. చివరికి "రాళ్ళు మరిగించకు" అన్నాను. మీ ఇంటాయన షాపు నంబరు ఇచ్చి అక్కడికి ఫోను చెయ్యమన్నాను. మళ్ళీ చెబుతుంటే గరగరలో నా గొంతు నాకే వినపడలేదు. గుమాస్తా "అందింది" అన్నాడు. ఏం అందిందో చదవమని అరిచాను. అప్పటికే పోయింది.

మధ్యాహ్నం గాలికి ఏంటెన్నా స్తంభం విరిగింది.

ఆగస్టు 2

గాలి తగ్గింది. గంటకోసారి లెక్కలు రాస్తున్నాను, అంకెలు తప్పుతున్నాను. అందిందన్నాడు కదా అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. మీరు ముగ్గురూ నన్ను ఆటపట్టిస్తూ ఉత్తరం రాస్తున్నారని ఊహించుకుంటున్నాను. ఆ ఊహ నిలవటం లేదు.

ఆగస్టు 7

లాంచీ వచ్చింది. సంచి బోర్లించి వెతికాను. నీ ఉత్తరం లేదు.

నా ఉత్తరానికి జవాబు రాయకుండా నువ్వెప్పుడూ ఉండలేదు. నాతో పనిచేసే ఆయన జ్వరంతో పడున్నాడు, నేను కదిలితే ఇక్కడ గాలి చూసేవాళ్ళు లేరు. మొప్పలాయన తనే వస్తానన్నాడు. ఈ ఉత్తరం ఆయన చేతికిస్తున్నాను. ఏమైనా సరే, ఆయన చెప్పినట్టు చెయ్యండి.

పక్కనున్న మనిషిని ఒక్క మాట అడగలేదు నేను. నీకు ఒళ్ళు జలదరిస్తోందని రాస్తే దాని మీద జోకు వేశాను.

నీ మరదలు


మేడ మీది వాటా,
జూలై 27, ఆదివారం

మరదలు పిల్లా,

గుండీలకి భయపడే దర్జీని రాస్తున్నాను. నీ ఉత్తరం నిన్న అందింది. ఆ వాక్యం మీ అన్నయ్య ముమ్మారు పైకి చదివారు.

ఈ రోజు వాన. ఆయన పొద్దున్నే రాళ్ళు తీసి బకెట్లో పెట్టారు, మొదటి విడత పదకొండు. నాకేమో మనసొప్పక, వచ్చే ఆదివారం చూద్దాం, వాన తగ్గనివ్వండి అన్నాను. దాదాపు ఒప్పుకున్నారు కూడా. ఇంతలో ఇంటాయన మెట్లెక్కి వచ్చారు, చేతిలో జిరాక్స్ కాగితం ముక్క. దీవి నుంచి కబురమ్మా, రేవు ఆఫీసు వాళ్ళు ఫోను చేశారు అని ఇచ్చారు. "రాళ్ళు మరిగించు" అని ఉంది.

రేడియోలో కూడానా తల్లీ! "మా చెల్లికి అమ్మ పూనింది, ఇంక ఆలస్యం చేస్తే తిడుతుంది" అని ఆయన స్నానం నీళ్ళు కాచే పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టేశారు. జల్లు కొడుతోందని వంటింటి కిటికీ మూసి, పట్టకారు పట్టుకుని దాని ముందే నిలబడ్డారు. నేను ముందు గదిలో మిషను మీద కాగితం పెట్టుకుని ఇది రాస్తున్నాను. చిట్టి వంటింట్లోకి దూరతానని గోల చేస్తుంటే కిందికి పంపేశాను. ఇంటాయనకి కాగితాలు సర్దిపెడుతుందట.

మూత టకటకమంటోంది. వాసనేమీ లేదు, తడి మట్టి వాసన తప్ప. నిన్నొక మాట అడగాలని ఉంది. ఆ కాగితం ముక్క మీద నువ్వు

ఉండు. ఆయన దగ్గుతున్నారు, చూసి వచ్చి రాస్తాను.

ఆగస్టు 12

మరదలు పిల్లా,

పై వాక్యానికీ దీనికీ మధ్య పదహారు రోజులు. ఇంకో కాగితం తీసుకోవచ్చు. కానీ ఏం జరిగిందో నీకు వరసగా తెలియాలి.

నేను వెళ్ళేసరికి ఆయన వంటింటి గట్టుకి ఆనుకుని కింద కూర్చుని ఉన్నారు. నోట్లో ఇనుప ముక్క నమిలినట్టుందన్నారు. పొయ్యి ఆపి కిటికీ తెరిచాను. ఆ కాసేపటికే నాకూ కళ్ళు మండి, ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టయింది. ఆయన్ని లేపబోతే చేతులు పట్టు తప్పాయి. మెట్ల దాకా పాకి ఇంటాయన్ని పిలిచాను. చిట్టిని పైకి రానివ్వద్దని అరిచానట, నాకు గుర్తులేదు.

ఆసుపత్రిలో ఏం తిన్నారని అడిగారు. ఏమీ తినలేదు, గుండీలు ఉడకబెట్టాం అన్నాను. డాక్టరు నర్సు వైపు తిరిగి, ఈమెకి జ్వరం తలకెక్కింది అన్నాడు. ఎన్నిసార్లు చెప్పినా అదే. అయిదో రోజుకి నన్ను పంపించేశారు. ఆయనకి మాత్రం గొంతులో గొట్టం వేసి మిషను మీద పెట్టారు. ఊపిరి తనంతట తను తీసుకోలేకపోయారు. తొట్టిలో ఇంకా గుండీల రాళ్ళున్నాయని నేనూ చిట్టీ కింద షాపు వెనక గదిలో పడుకుంటున్నాం.

తొమ్మిదో తారీఖున మీ మొప్పలాయన వచ్చాడు. నీ ఉత్తరం డాక్టరు చేతిలో పెట్టి, నిలబడి అన్నీ చెప్పాడు. దీనికి విరుగుడు లేదట. ఊపిరి నిలబెడుతూ ఒంట్లోంచి అది పోయేదాకా కాచుకోవాలట. కానీ ఏమిటో తెలిసింది గనక అనవసరపు మందులు ఆపారు. నిన్న కళ్ళు తెరిచారు. నన్ను గుర్తుపట్టారో లేదో చెప్పలేను.

నీ ఉత్తరం ఆసుపత్రి మెట్ల మీద నేను పైకి చదివాను. పక్కనే ఇంటాయన. "మరిగించకు" అన్న మాట దగ్గర ఆయన లేచారు. "షాపు ముందు రేకుల మీద వాన తల్లీ, కు వినపడలేదు" అన్నారు. అప్పట్నుంచి రోజూ వచ్చి ఆ మెట్ల మీదే కూర్చుంటున్నారు. లోపలికి రమ్మంటే రారు.

నువ్వు నీదే తప్పంటున్నావు. ఇంటాయన తనదనుకుంటున్నారు. ఇంక నాది చెబుతాను, ఎవ్వరికీ చెప్పలేదు.

ఆ కాగితం ముక్క చదివిన క్షణంలోనే నాకు తేడా తెలిసింది. మీ ఇంట్లో ఆ మాట మరగనీ. నేను వచ్చిన పదేళ్ళలో మీ అమ్మ గానీ ఆయన గానీ నువ్వు గానీ మరిగించు అనగా వినలేదు. ముందురోజు ఉత్తరంలో కూడా మరగనీ అనే రాశావు. ఇది మా మరదలి మాట కాదు, ఎక్కడో ఏదో తప్పింది అనుకున్నాను. నిన్ను అడగబోయింది అదే. ఆయన్ని అడగలేదు. అడిగితే మిషను మొదలైందంటారని. మీరందరూ టీ తాగుతూ నవ్వుతారని.

చిట్టి గోల చేసిందని పైన రాశాను చూడు, అది అబద్ధం. పిల్ల బొమ్మలేసుకుంటూ బుద్ధిగా కూర్చుంది. నాకు భయం వేసి నేనే పంపాను. పిల్లని పంపేంత భయం ఉంది నాకు. ఆయన్ని ఆపేంత ధైర్యం లేకపోయింది.

నీ వదిన


దీవి,
ఆగస్టు 21

వదినా,

ఈ లాంచీలోనే వచ్చేద్దామని సంచి సర్దాను. నా బదులు మనిషి సెప్టెంబరు నాలుగుకి గానీ రాడట. ఆ లాంచీలో బయల్దేరతాను.

నీ ఉత్తరం ఎవరికీ చదివి వినిపించలేదు. ఒక్కదాన్నే చదువుకున్నాను. నీ పాత ఉత్తరాలు కూడా తీసి చదివాను. నేల, వైరు, మూలలు, గుండీలు. దేనికీ నవ్వు రాలేదు. ప్రతిదానికీ ఒక కారణం రాశావు, నేను కారణం వదిలేసి మిగతాది చదివాను. నిన్ను నోరు మూసుకునేలా చేసింది మేమే. నీ నేరం ఏమీ లేదని రాస్తే నువ్వు నమ్మవు, అందుకని రాయను. నువ్వు పిల్లని పంపావు. అది నేను రోజూ తలుచుకుంటున్నాను.

రేడియో మళ్ళీ పలుకుతోంది. ఆపరేటరు కొత్త పద్ధతి పెట్టాడు. చెయ్యొద్దని చెప్పాల్సినదేదైనా ఉంటే ముందు వద్దు అంటాం, తర్వాత విషయం, చివర మళ్ళీ వద్దు. తోక తెగినా తల మిగులుతుంది.

అన్నయ్య ఎలా ఉన్నాడో ఒక్క ముక్క రాయి. అబద్ధం రాయకు.

నీ మరదలు


మేడ మీది వాటా,
అక్టోబరు 19

మరదలు పిల్లా,

నువ్వు తిరిగి లాంచీ ఎక్కి పదిహేడు రోజులైంది. చిట్టి నీ దిండు నాకివ్వటం లేదు.

మీ అన్నయ్య నువ్వు చూసినప్పటి కంటే కాస్త నయం. మా మేడ మెట్లు ఎక్కడానికి నాలుగుసార్లు కూర్చుంటున్నారు. లిఫ్టు గోతుల్లోకి ఇంక దిగకూడదన్నారు డాక్టరు. కంపెనీ వాళ్ళు ఆఫీసులో కూర్చోబెట్టి, లిఫ్టు ఆగిపోయిందని వచ్చే ఫోన్లు తీసుకోమన్నారు. లోపల ఇరుక్కున్నవాళ్ళతో ఆయనే మాట్లాడతారట. భయపడకండి అని చెప్పాలని అక్కడ అట్ట మీద రాసి ఉందట. ఆయన ఆ మాట అనటం లేదు. "భయం వేస్తుంది, వెయ్యనివ్వండి, మనిషి బయల్దేరాడు" అంటున్నారట.

నువ్వున్నప్పుడు ఖాళీగా చూసిన తొట్టి మళ్ళీ నిండింది, డ్రమ్ములో దాచిన చేపలు మళ్ళీ అందులోకి వచ్చాయి. గుండీల రాళ్ళు మొప్పలాయన నువ్వు రాకముందే నీళ్ళలోంచి ఆరనివ్వకుండా, గోకకుండా, మందపాటి గ్లౌజులతో తీసి డబ్బాలో మూసి పట్టుకెళ్ళాడు కదా. ఆ రెండు చేపలూ బతికాయంటే ఇంటాయన వల్లే. మేం ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ముక్కుకి తుండు కట్టుకుని, ఆ తొట్టికి చెయ్యి చాచినంత దూరంలో నిలబడి, రోజుకి రెండు పూటలా మేత చల్లి పారిపోయి వచ్చేవారట. నిన్ననే చెప్పారు. మొన్నటి నుంచి మళ్ళీ మా గుమ్మం దాటి లోపలికి వస్తున్నారు.

తొట్టి అమ్మేద్దామన్నారు మీ అన్నయ్య. అమ్మొద్దన్నాను. ఎందుకో నాకూ తెలియదు. కొత్త రాళ్ళు కొనలేదు. సిమెంటూ ఉప్పూ కలిపి ఆయనే పోసి ముద్దలు చేశారు. నెల నానబెట్టాం. వాటి మీద ఏమీ లేదు, గచ్చు ముక్కల్లా ఉన్నాయి. చిట్టి వాటి మీద ఒక్క గుండీ అయినా ఉందేమోనని రోజూ వేలు పెట్టి వెతుకుతోంది.

నువ్వు నా భయాలన్నీ రాయమన్నావు. ఆయన నిద్రపోతుంటే ఛాతీ కదులుతోందా లేదా అని చూస్తాను. మూత టకటకమంటే ఏ పనిలో ఉన్నా లేచి వెళ్తాను. టీ నీళ్ళకైనా సరే. ఈ ఊపిరి ఇంతేనా, ఇంకా తగ్గుతుందా అని డాక్టర్ని అడగాలంటే భయం. అడగకపోవటం అంటే ఇంకా భయం. సోమవారం అడుగుతాను.

ఈ రోజు పొద్దున్న పంపు బాగుచేసి మళ్ళీ బిగించారు. నేను మిషను మీద ఉన్నాను. ఆయన స్విచ్చు మీద చెయ్యి పెట్టి, వెయ్యకుండా, నా వైపు తిరిగారు.

"భయమేస్తోందా?" అన్నారు.

వెక్కిరింపేమోనని మొహం చూశాను. కాదు.

"వేస్తోంది" అన్నాను.

చెయ్యి తీసేశారు. ఎందుకని అడగలేదు. బల్ల పక్కన కుర్చీలో కూర్చుని, ఆయాసపడుతూ, నా కోసం ఆగారు. నేను వెళ్ళి వైరు వంపు చూశాను. ఎనిమిది మూలలూ వేలితో తడిమాను. బల్ల కిందికి వంగి డ్రమ్ము చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. తప్పేమీ లేదు.

"ఇప్పుడు వెయ్యండి" అన్నాను.

అప్పుడు వేశారు.

నీ వదిన